ఏది చెత్త బొమ్మ? డిజిటల్ దృశ్యవ్యర్థాలు - వర్గదృష్టి

వ్యాససంగ్రహం

ఫోన్లలోనూ సామాజిక మాధ్యమాలలోనూ రోజూ పోగుపడే ఫొటోలను, చిన్న వీడియోలను ‘చెత్త’ అనడం పరిపాటి అయింది. ఈ తీర్పు దేనిమీద ఆధారపడుతోందన్నది ఈ వ్యాసం అడిగే ప్రశ్న. జర్మన్ చలనచిత్రకర్త, సిద్ధాంతకర్త హిటో స్టెయెర్ల్ 2009లో ప్రతిపాదించిన ‘పేద బొమ్మ’ భావనను ఇందుకు ఆధారంగా తీసుకుంటున్నాను. తెలుగునాట సినిమా ప్రింట్ల ప్రయాణం, టిక్‌టాక్ వీడియోల మీద వెలువడిన తీర్పులు, మన అలంకారశాస్త్రంలోని గ్రామ్యదోషం అనే మూడింటితో ఆ భావనను సరిపోల్చి చూస్తున్నాను. ఒకప్పుడు బొమ్మ స్పష్టతలో కనబడిన వర్గభేదం, చవక ఫోన్లకు మంచి కెమెరాలు వచ్చాక బొమ్మలోని గోడకూ ఇంటికీ ఒంటికీ మారిందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలకపదాలు: పేద బొమ్మ, దృశ్యవ్యర్థం, వర్గం, గ్రామ్యం, సి సెంటర్, టిక్‌టాక్, భాండాగారం.

1. ఉపోద్ఘాతం

2018 జనవరిలో అమెరికా దినపత్రిక వాల్ స్ట్రీట్ జర్నల్ ఒక కథనం ప్రచురించింది. భారతీయులు పొద్దున్నే ఒకరికొకరు పంపుకొనే ‘గుడ్ మార్నింగ్’ బొమ్మలతో ఫోన్లు నిండి మొరాయిస్తున్నాయని, గూగుల్ పరిశోధకులు ఈ సంగతి గుర్తించారని ఆ కథనం సారాంశం. అంతకు నెల ముందే, 2017 డిసెంబరులో, ఫోనులో పేరుకున్న అనవసరపు ఫైళ్లను ఏరి తీసేసే ‘ఫైల్స్ గో’ అనే యాప్‌ను గూగుల్ విడుదల చేసింది.

గులాబీపువ్వు, ఉదయిస్తున్న సూర్యుడు, పసిపాప, దేవుడి పటం, పక్కన ఒక సూక్తి. ఇలాంటి బొమ్మను ఊళ్లో ఉన్న తల్లి నగరంలోని కొడుక్కు పంపితే, తాను లేచానని, కులాసాగా ఉన్నానని చెప్పడమే అందులోని అర్థం. నిన్నటి గులాబీకీ ఇవాళ్టి గులాబీకీ తేడా లేకపోవడం ఆ పలకరింపుకు లోపం కాదు. ‘బాగున్నారా’ అన్న మాటను రోజూ అడిగినా దాన్ని పునరుక్తిదోషం అనం కదా. యంత్రం లెక్కలో మాత్రం అది చోటు తినే ఫైలు. ఒకే బొమ్మ ఒకరికి పలకరింపు, ఇంకొకరికి చెత్త. ఈ రెండు తీర్పులలో ఏది చెల్లుతుందన్నది బలాబలాలను బట్టి ఉంటుంది. ఈ వ్యాసం మొదలయ్యేది అక్కడే.

రెండు పారిభాషికపదాల గురించి ముందుగా చెప్పాలి. ఇమేజ్ అన్నదానికి ‘బొమ్మ’ అని వాడుతున్నాను. గీసిన పటానికీ, ఫొటోకూ, తెరమీద పడే సినిమాకూ తెలుగువారు వాడే మాట అదే. ఇక ‘సామాజికవర్గం’ అన్న మాటను మన పత్రికలు కులానికి మర్యాదపేరుగా స్థిరపరిచాయి. కాబట్టి ఆర్థికమైన అంతస్తును చెప్పవలసినచోట ‘వర్గం’ అనే అంటున్నాను. అయితే ఆ మాట వాడగానే కులం కూడా స్ఫురించడం మన సమాజంలో యాదృచ్ఛికం కాదు. చెత్త గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండింటినీ పూర్తిగా విడదీయడం సాధ్యం కాదని ముందుముందు తెలుస్తుంది.

2. స్టెయెర్ల్ చెప్పిన ‘పేద బొమ్మ’

స్టెయెర్ల్ వ్యాసం ‘ఇన్ డిఫెన్స్ ఆఫ్ ద పూర్ ఇమేజ్’ 2009 నవంబరులో ఈ-ఫ్లక్స్ పత్రికలో వచ్చింది. నకలుకు నకలు తీయగా తీయగా మసకబారి, కుదించుకుపోయి, దారిలో వివరాలు పోగొట్టుకున్న డిజిటల్ బొమ్మను ఆమె పేద బొమ్మ అన్నారు. బొమ్మల లోకంలోనూ వర్గాలున్నాయని, స్పష్టతే అక్కడ అంతస్తును నిర్ణయిస్తుందని ఆమె వాదం. వుడీ ఆలెన్ చిత్రం ‘డీకన్‌స్ట్రక్టింగ్ హ్యారీ’ (1997)లో ఒక నటుడు ఉన్నట్టుండి మసకబారిపోతాడు. కెమెరాలో ఎంత సవరించినా స్పష్టంగా కనబడడు. దానితో అతనికి పని పోతుంది. స్పష్టంగా కనబడడం హాయిని, హక్కును, స్థానాన్ని ఇస్తుందని, మసకబారడమంటే స్థానభ్రష్టుడు కావడమని స్టెయెర్ల్ ఈ దృశ్యాన్ని అన్వయించారు.

ఆమె వాదంలో రెండో భాగం మరింత విలువైనది. పేద బొమ్మ నాణ్యతను పోగొట్టుకున్నా చలనాన్ని సంపాదించుకుంటుంది. ప్రదర్శనశాలలు, వాణిజ్యం పక్కన పెట్టిన ప్రయోగచిత్రాలు ఇలాంటి నకళ్ల ద్వారానే మళ్లీ ప్రేక్షకులను చేరాయి. క్యూబా దర్శకుడు హూలియో గార్సియా ఎస్పినోసా 1969లో ‘అసంపూర్ణ సినిమా’ను సమర్థిస్తూ రాసిన ప్రకటనను ఆమె ఇక్కడ గుర్తుచేస్తారు. అయితే ఆమె పేద బొమ్మను అమాయకంగా కీర్తించలేదు. అదే దారిలో ద్వేషప్రచారమూ, పనికిరాని సరకూ ప్రవహిస్తాయని, వేగాన్ని కోరే పెట్టుబడికి ఈ చలనం చక్కగా సరిపోతుందని కూడా ఒప్పుకున్నారు.

ఈ సిద్ధాంతంలో వర్గం ఉన్నది బొమ్మకు. బొమ్మలో ఉన్న మనిషి వర్గం, దాన్ని తీసిన మనిషి వర్గం ఆమె చర్చలో రెండో వరుసలో ఉండిపోయాయి. ఆమె ముందున్న ఉదాహరణలు ప్రధానంగా యూరప్, అమెరికా కళాచిత్రాలు కావడం ఇందుకు ఒక కారణం. మన అనుభవం వేరే చోట మొదలవుతుంది.

3. సి సెంటర్‌కు చేరిన ప్రింటు

డిజిటల్ ప్రదర్శన రాకముందు తెలుగు సినిమా పరిమితమైన సంఖ్యలో 35 ఎం.ఎం. ప్రింట్లతో విడుదలయ్యేది. ముందు ఎ సెంటర్లు, అంటే నగరాలు, పెద్ద పట్టణాలు. తరవాత బి సెంటర్లు. ఆపైన సి సెంటర్లు, టూరింగ్ టాకీసులు. అదే ప్రింటు ఊరూరూ తిరిగి చివరి మజిలీకి చేరేసరికి తెరమీద వాన కురుస్తున్నట్టు గీతలు పడేవి. రీలు తెగిన చోటల్లా అతుకులు ఉండేవి. అతుకు వేసినప్పుడల్లా కొన్ని ఫ్రేములు పోయేవి. నగరం చూసిన సినిమా, పల్లె చూసిన సినిమా పేరుకు ఒకటే. పల్లె చూసింది నగరం వాడి వదిలిన ప్రతిని.

హాలు లోపలా ఇదే క్రమం. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అన్న టిక్కెట్ల వరుస గ్రామీణ సమాజపు అంతస్తులను తెరముందు కూర్చోబెట్టింది. నేల టిక్కెట్టు ప్రేక్షకుడు తెరకు అందరికన్నా దగ్గరగా, తల పైకెత్తి, బొమ్మను వంకరగా చూసేవాడు. ఆ ప్రేక్షకుడి పేరుమీదనే ‘నేల క్లాసు అభిరుచి’ అన్న నింద పుట్టింది. ఈ దిగువ మార్గాల మీద గంభీరమైన పరిశోధన జరిగింది. ఎస్.వి. శ్రీనివాస్ 2003లో ప్రచురించిన వ్యాసంలో, బి సర్క్యూట్‌లో హాంకాంగ్ యాక్షన్ చిత్రాల ప్రయాణాన్ని ఆంధ్రప్రదేశ్ ఉదాహరణతో పరిశీలించారు. నైజీరియాలోని కానో నగరంలో నకిలీ క్యాసెట్ల మసకదనాన్ని బ్రయన్ లార్కిన్ (2008) చర్చించారు. యంత్రాలూ రవాణా కరెంటూ అక్కడ ఎలా ఉన్నాయో బొమ్మమీది మసక చెబుతుందని ఆయన వివరించారు.

ఈ దశలో స్టెయెర్ల్ సూత్రం మనకూ సరిపోతుంది. బొమ్మ అందరికన్నా చివర పేదవాడిని చేరుతుంది, కనుక అరిగి చేరుతుంది. థియేటర్లకు డిజిటల్ ప్రదర్శన వచ్చి, పల్లెలోనూ మొదటిరోజే గీతలు లేని బొమ్మ పడడంతో ప్రింటుకు సంబంధించిన ఈ తేడా తగ్గింది. కానీ చిన్న తెరమీద అది కొన్నాళ్లు నిలిచింది. హాలులో కెమెరాతో తీసిన సీడీలు, సెల్‌ఫోన్ దుకాణంలో డబ్బిచ్చి మెమరీ కార్డులోకి ఎక్కించుకున్న పాటలు, అరచేతి తెరమీద ముక్కలు ముక్కలుగా కనబడే వీడియోలు ఈ దశకు చెందినవి. ఈ మొత్తం కాలంలో పేదవర్గం బొమ్మను స్వీకరించేదిగానే ఉంది.

4. గోడమీది పగులు

2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలయ్యాక మొబైల్ డేటా ధర పడిపోయింది. చవక ఫోన్లలోనూ స్పష్టమైన కెమెరాలు వచ్చాయి. కూలిపనికి వెళ్లేవారు, ఆటో నడిపేవారు, ఇంటిపని చేసుకొనే స్త్రీలు చిన్న వీడియోలు తీసి టిక్‌టాక్‌లో పెట్టడం మొదలుపెట్టారు. ఈ వీడియోలకు స్పష్టత లోపం లేదు. పొలంగట్టు, రేకుల ఇల్లు, సున్నం రాలిన గోడ అన్నీ తేటగా కనబడ్డాయి. స్టెయెర్ల్ కొలత ప్రకారం ఇవి పేద బొమ్మలు కావు. అయినా వీటికి ‘చెత్త’ అన్న పేరు తప్పలేదు.

ఎందుకన్నదానికి ఒక లిఖితసాక్ష్యం ఉంది. టిక్‌టాక్ సంస్థ అంతర్గత మార్గదర్శకాలను 2020 మార్చిలో ద ఇంటర్‌సెప్ట్ వార్తాసంస్థ బయటపెట్టింది. కొత్తవారికి చూపే వీడియోల వరుసలో ఏవి ఉండరాదో పర్యవేక్షకులకు చెప్పే పత్రాలవి. అందులో శరీరాకృతి, ముఖం బాగులేనివారు, ముడతలు ఎక్కువ ఉన్నవారు ఉన్నారు. వీడియో తీసిన చోటు గురించీ నియమాలున్నాయి. మురికివాడలు, పొలాలు, శిథిలమైన ఇళ్లు, గోడమీది పగుళ్లు కూడా అనర్హతలే. అందమైన పల్లె ప్రకృతికి మాత్రం మినహాయింపు ఉంది. ఇలాంటి పరిసరాలు కొత్త వినియోగదారులను ఆకర్షించవన్నది అక్కడ చెప్పిన కారణం. ఈ నియమాలలో చాలావరకు ఇప్పుడు వాడుకలో లేవని, కొన్ని ఎన్నడూ అమలు కాలేదని సంస్థ వివరణ ఇచ్చింది.

అమలు సంగతి అలా ఉంచితే, చెత్తను నిర్వచించే పద్ధతి ఇక్కడ రాతలో దొరికింది. గోడ పగులును చూడగలగాలంటే బొమ్మ స్పష్టంగా ఉండాలి. అరిగిన ప్రింటు కాలంలో మసకదనం పేదరికానికి గుర్తు. ఇక్కడ స్పష్టతే పేదరికాన్ని పట్టిస్తోంది. పల్లెకు దొరికిన మినహాయింపు మరీ గమనించదగ్గది. మనిషి శ్రమించే పొలం అనర్హం. అదే పొలం ప్రకృతిదృశ్యంగా మారితే అర్హం. ‘పేద బొమ్మ’ అన్న భావనను ‘పేదవారి బొమ్మ’గా తిరగరాయవలసిన అవసరం ఇక్కడ ఏర్పడుతోంది.

5. గ్రామ్యం, ఊరమాస్, క్రింజ్

తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ పద్ధతి కొత్తది కాదు. వామనుడు, మమ్మటుడు వంటి ఆలంకారికులు కావ్యదోషాలలో గ్రామ్యాన్ని లెక్కించారు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) తెలుగు పదాలను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగుగా విభజించి, లక్షణానికి విరుద్ధమైన భాషను గ్రామ్యంగా నిర్వచించింది. ఈ నిర్వచనంలో గ్రామం ప్రసక్తి లేదు. అది పేరులో ఉంది. నియమాన్ని మీరడం ఒక దోషం, పల్లెలో పుట్టడం ఒక స్థితి. ఈ రెండింటినీ ఒక మాట కలిపేసింది. గిడుగు రామమూర్తి (1863-1940) నడిపిన వ్యావహారికోద్యమం ఈ ముడిని విప్పడానికే చాలా శ్రమించింది. జనం నోట ఉన్న భాషకూ వ్యవస్థ ఉందని, దాన్ని దోషమనడం వినేవాడి శిక్షణను బట్టి వచ్చిన తీర్పని ఆ ఉద్యమం నిరూపించింది.

గోడ పగులును అనర్హతగా రాసుకున్న నియమం గ్రామ్యదోషానికి కొత్త రూపం. యువత వాడుకలోని ‘క్రింజ్’ అన్న మాట కూడా అలాంటిదే. చూసేవాడికి కలిగిన ఇబ్బందిని అది చూడబడే బొమ్మ గుణంగా చెబుతుంది. 2020 మేలో యూట్యూబ్, టిక్‌టాక్ అభిమానుల మధ్య దేశవ్యాప్తంగా నడిచిన వాగ్వాదంలో ఈ మాటకు విపరీతమైన ప్రచారం వచ్చింది. తెలుగులో ‘టిక్‌టాక్ బ్యాచ్’ అన్నది తిట్టుగానే స్థిరపడింది.

దీని పక్కనే ‘ఊరమాస్’ అన్న మాటను పెట్టి చూడాలి. ఆ మాటలోనూ ఊరు వినబడుతుంది, కానీ అది మెచ్చుకోలు. లుంగీ ఎగగట్టడం, ఈల వేయడం, వీధి స్టెప్పులు వేయడం భారీ వ్యయంతో తీసిన చిత్రంలో అగ్రనటుడు చేస్తే ఊరమాస్. అవే కదలికలు రేకుల ఇంటి ముందు ఒక కూలీ చేస్తే క్రింజ్. నేల క్లాసు ప్రేక్షకుడి నుంచి తీసుకున్న హావభావాలను వెండితెర అతనికే అమ్మింది. అతను వాటిని తిరిగి తనవిగా ప్రదర్శించుకున్నప్పుడు మాత్రం అవి వ్యర్థమయ్యాయి. దీన్ని అభిరుచిభేదం అని సరిపెట్టలేం. కదలిక ఒకటే అయినప్పుడు మారినది దాన్ని చేసే మనిషి, అతని వెనక గోడ మాత్రమే.

అన్ని చిన్న వీడియోలూ విలువైనవని ఇక్కడి వాదం కాదు. స్త్రీలను వేధించే వీడియోలు, కులదూషణలు, అబద్ధపు వార్తలు వీటిలో ఉన్నాయి. ఆ హానిని ఖండించడానికి హాని అన్న మాటే వాడాలి. ‘చెత్త’ అన్న మాట హానికరమైన దాన్నీ, పేదవాడిదైన దాన్నీ ఒకే బుట్టలో వేస్తుంది. కృత్రిమమేధతో గుట్టలుగా తయారవుతున్న నిగనిగలాడే బొమ్మలు అంతకన్నా పెద్ద వ్యర్థం. వాటిలో గోడకు పగులుండదు, ముఖానికి ముడతలుండవు.

6. ఎవరి ఫోను నిండుతుంది? ఎవరు ఊడుస్తారు?

దృశ్యవ్యర్థానికి భౌతికమైన బరువు కూడా ఉంది. అది అందరిమీదా సమానంగా పడదు. నెలనెలా డబ్బు కట్టి నిల్వచోటు కొనుక్కోగలిగినవారికి గుడ్ మార్నింగ్ బొమ్మలు కనబడని భారం. తక్కువ మెమరీ ఉన్న ఫోనులో అవే బొమ్మలు కొత్త ఫొటోకు చోటు లేకుండా చేస్తాయి. గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి అపరిమిత ఉచిత నిల్వను ఆపి 15 జీబీ హద్దు పెట్టింది. దానితో దాచుకోవడం కొనుక్కోవలసిన వస్తువైంది. పేదకుటుంబం తన జ్ఞాపకాలలో ఏది చెత్తో తరచూ తేల్చుకోవలసి వస్తోంది. పెళ్లి వీడియో ఉంచాలా, చనిపోయిన తండ్రి గొంతు ఉన్న వీడియో ఉంచాలా అన్న ప్రశ్న సంపన్నుడికి ఎదురుకాదు.

హానికరమైన బొమ్మలను ఏరివేసే పని మరొక కోణం. సారా టి. రాబర్ట్స్ రాసిన ‘బిహైండ్ ద స్క్రీన్’ (2019), మనీలా నేపథ్యంగా వచ్చిన డాక్యుమెంటరీ ‘ద క్లీనర్స్’ (2018) ఈ అదృశ్యశ్రమను వెలుగులోకి తెచ్చాయి. మనకిది దూరదేశపు ముచ్చట కాదు. ఫేస్‌బుక్ కోసం హైదరాబాద్‌లోని ఒక పొరుగుసేవల సంస్థలో ఈ పని చేసేవారి తక్కువ జీతాల గురించి, మానసిక ఒత్తిడి గురించి 2019లో రాయిటర్స్ కథనం రాసింది. హింసనూ బూతునూ రోజంతా చూసి తీసేస్తే తప్ప మిగిలినవారి తెర శుభ్రంగా ఉండదు. చెత్త ఏదో నిర్ణయించేవారూ, చెత్త ఎత్తేవారూ ఒకరు కారు. తరతరాలుగా పారిశుద్ధ్యపు పనిని కొన్ని కులాలకు అంటగట్టిన సమాజంలో ఈ విభజన గురించి వేరే చెప్పనక్కర లేదు.

7. తెలుగు మాటలు చెప్పే తేడాలు

శుభ్రాశుభ్రాలు వస్తువులో ఉండవని, తన చోటు తప్పిన వస్తువే మురికి అవుతుందని మేరీ డగ్లస్ (1966) వివరించారు. విలువ పోయి చెత్తగా పడివున్న వస్తువే కాలక్రమంలో శాశ్వతవిలువ గలదిగా మారే దారిని మైకేల్ థాంప్సన్ (1979) చూపారు. తెలుగు వాడుకలో ఈ దశలకు వేరువేరు పేర్లే ఉన్నాయి.

‘చిత్తు’ పారేసే కాగితమూ అవుతుంది, సాపుప్రతికి ముందు రాసే ప్రతీ అవుతుంది. చాలా ఫోన్ వీడియోలు ఈ రెండో అర్థంలో చిత్తులు. ఆ మనిషి తనను తాను ఎలా చూపుకోవాలో సాధన చేస్తున్న చిత్తుప్రతులు. ‘తుక్కు’ తూకానికి అమ్ముడుపోతుంది. వీడియోలోని మనిషికి ఏమీ దక్కకపోయినా చూపుల లెక్కన సొమ్ము చేసుకొనే వేదికకు అది తుక్కే. ‘ఎంగిలి’ పలువురు ముట్టుకోవడం వల్ల విలువ పోయినది. చాలాసార్లు చేతులు మారిన సందేశానికి వాట్సాప్ 2019లో పెట్టిన జంటబాణాల గుర్తు ఎంగిలి ముద్రలాగే పనిచేస్తుంది. అబద్ధాలను ఆపడానికి అది అవసరమే, కానీ పలకరింపునూ పుకారునూ ఆ ముద్ర వేరు చేయలేదు. ఇక ‘పెంట’. ఇంటి వెనక కుప్పగా ఉన్నంతకాలం అసహ్యం, చేనుకు తోలితే ఎరువు.

‘వ్యర్థం’ అన్న ఒక్క సంస్కృతపదంతో ఈ నాలుగింటినీ కప్పేస్తే విశ్లేషణకు పనికొచ్చే తేడాలు పోతాయి. ఒక బొమ్మను చెత్త అన్నప్పుడు అది చిత్తా, తుక్కా, ఎంగిలా, పెంటా అని అడగడం పరిశోధకుడి మొదటి పని కావాలి.

8. ముగింపు

2020 జూన్ 29న కేంద్రప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించింది. వాటిలో టిక్‌టాక్ ఒకటి. దేశభద్రత ఆ నిర్ణయానికి చెప్పిన కారణం. దాని మంచిచెడ్డలు ఈ వ్యాసపరిధిలోకి రావు. ఫలితం మాత్రం మన విషయానికి సంబంధించినదే. కోట్లాదిమంది తమ చేతులతో తీసుకున్న వీడియోల నిధి ఇక్కడివారికి ఒక్కసారిగా అందకుండా పోయింది. ఆనాడు వినిపించిన మాటల్లో ‘పీడ విరగడైంది’ అన్నది ఒకటి. ఉత్తరాంధ్ర, పాలమూరు, రాయలసీమ మాండలికాలు ఆ వీడియోలలో మాట్లాడేవారి సొంత నిర్ణయంతో, ప్రశ్నావళి పట్టుకున్న పరిశోధకుడు ఎదురుగా లేకుండా, నమోదయ్యాయి. వృత్తిపాటలు, హాస్యం, పెళ్లిళ్ల ఊరేగింపులు, కోవిడ్ మొదటి లాక్‌డౌన్ నాటి బతుకులు అందులో ఉన్నాయి. మాండలికాలమీద, జానపదంమీద పనిచేసే మన శాఖలు అది ఉన్నప్పుడు దాన్ని సామగ్రిగా ఎంత గుర్తించాయన్నది మనల్ని మనం అడుక్కోవలసిన ప్రశ్న.

పండితుల ఆదరణ అంతగా లేని వేమన పద్యాలను సి.పి. బ్రౌన్ సేకరించి 1829లో అచ్చువేశాడు. జనం వాటిని నోటనూ తాటాకు ప్రతులలోనూ నిలుపుకోబట్టే ఆయనకు సేకరించడానికి ఏదో మిగిలింది. ఫోనులోని బొమ్మకు ఆ వెసులుబాటు లేదు. చోటు చాలక తీసేసిన రోజున అది పోతుంది. కాబట్టి విశ్వవిద్యాలయాల తెలుగు, జానపద, మాధ్యమ శాఖలు స్థానికుల వీడియోలను సేకరించి భద్రపరిచే పని చేపట్టాలి. తీసినవారి అనుమతి, పేరు చెప్పాలా వద్దా అన్న వారి ఇష్టం, ఎప్పుడైనా వెనక్కి తీసుకొనే హక్కు ఈ సేకరణకు షరతులు కావాలి. అవి లేకపోతే వేదికలు చేసిన పనినే విశ్వవిద్యాలయం మరో పేరుతో చేసినట్టవుతుంది.

స్టెయెర్ల్ భావన బొమ్మల అంతస్తులను చూడడం నేర్పింది. ఆ అంతస్తును పిక్సెళ్లలో మాత్రమే వెతికితే ఇవాళ్టి తెలుగు సమాజంలో అది దొరకదు. బొమ్మ ఎవరి ఇంటి ముందు తీశారు, ఎవరెవరి చేతులు మారి వచ్చింది, దాన్ని చెత్త అన్నది ఎవరు అన్న మూడు ప్రశ్నలతో దాన్ని చదవాలి. వీటిలో మూడో ప్రశ్న మనకూ వర్తిస్తుంది.